ఎరగా మారిన ప్రాణము



సజీవమత్స్యమును గాలమునకు ఎరగా గ్రుచ్చుటలో దోషము లేదనియు, పెద్దచేప చిన్నచేపను మ్రింగుట సృష్టిధర్మమేననియు గతవారము మీ పత్రికలో వ్రాసిన పాఠకమహాశయునకు ఇది నా ప్రత్యుత్తరము.

చెరువులో కొర్రమీను తఱుముకొనివచ్చినపుడు పరకపిల్లకు దాగుటకు నాచు గలదు, రాతిసందు గలదు. వెన్నెముకకు తగులకుండ, త్వరగా చావకుండునట్లు, వెన్నుమీది ఱెక్క క్రింద నేర్పుగా ముల్లు దిగవేసి విడిచిన పరకపిల్లకో, దారము సాగినంత మేరయే లోకము. దాని విలవిలయే ఇచట వేటగాని సాధనమగుచుండగా దీనిని సృష్టిధర్మమనుట ఎట్లు?

మీనములకు బాధ తెలియదను వాదమును నిలువదు. 2003లో లిన్ స్నెడన్ మొదలగు శాస్త్రజ్ఞులు ట్రౌట్ చేప శిరోభాగమున గాయమును గ్రహించు నాడీగ్రాహకములు గలవని నిరూపించిరి. స్కాట్లండులో మంచినీటి వేటయందు వెన్నెముక గల సజీవప్రాణిని ఎరగా వాడుట నిషిద్ధము. మన 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము మానవేతరప్రాణులన్నిటిని జంతువులుగనే నిర్వచించి, కేవల వినోదార్థము ఒక జంతువును బంధించి వేఱొకదానికి ఆహారముగా నొడ్డుటను 11వ సెక్షనున నేరముగా పరిగణించినది. గాలపుటెరకది వర్తించునో లేదో న్యాయస్థానములు తేల్పవలసియున్నను, దాని ఆశయము సుస్పష్టము.

కూటికై వలవేయు గంగపుత్రులను, ముదిరాజులను నేను తప్పుపట్టను. సెలవునాడు సరదాకై చెరువుగట్టు చేరు మిత్రులకే నా విన్నపము: కదలు ఎరనే కోరు కొర్రమీనుకు కృత్రిమపుటెర, తక్కినవానికి పిండిముద్ద చాలును. మన వినోదమునకు మఱొక ప్రాణి వేదన మూల్యము కారాదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సోమాజిగూడ, హైదరాబాదు.