ప్రయాణములో అంగడి: పేరు కొందమా, సరుకు కొందమా?



మన యిండ్లలో ప్రయాణమనగా పెట్టె సర్దుటతో మొదలై, తిరిగివచ్చునపుడు ఏమి తెచ్చితిమను ప్రశ్నతో ముగియును. తీర్థమునకు పోయినను, పెండ్లికి పోయినను, ఒట్టిచేతులతో నింటికి రాగూడదు. పిల్లలు సంచివంక చూతురు; పెద్దలు చూడనట్లే చూతురు. అయితే ఆ సంచిలోనికి వచ్చు వస్తువును మన మెప్పుడు కొనుచున్నాము? బండి కదలుటకు పావుగంట ముందు, స్టేషను వాకిట, దీపములు మెండుగా వెలుగు నంగడిలో, అట్టపెట్టెమీది బొమ్మను చూచి కొనుచున్నాము. ఈ నెల యీ సంగతిని గూర్చి మీతో ముచ్చటింప దలచితిని.

ఈ యాచారము మనకు మాత్రమే కలదని తలపవద్దు. జపాను దేశీయులు ప్రయాణము చేసినపుడు, పోయిన యూరికి ప్రత్యేకమైన భక్ష్యమును బంధువులకును, తమతో పనిచేయువారికిని తెచ్చి పంచుట విధిగా నెంచుదురు. దానిని వారు ‘ఒమియాగె’ యందురు. అచ్చటి గొప్ప డిపార్టుమెంటు స్టోర్ల నేలమాళిగలలో భోజనపదార్థముల యంగళ్లు వరుసలు వరుసలుగా నుండును. లండనులోని హారడ్స్ వారికి తినుబండారములకే ప్రత్యేకమైన విశాల మందిరములు కలవు. నేడు సమస్త వస్తువులును అమ్ము నా యంగడి, ఆ పేటలో 1849లో కిరాణా కొట్టుగా మొదలైనదే. పరదేశములందున్న బిడ్డలయొద్దకు పోయివచ్చు మన స్త్రీలలో ననేకులు వీనిని చూచియే యుందురు. మన విజయవాడలోను ఇప్పు డంతస్తుల మేడలలో, చల్లని గాలిలో, అద్దముల వెనుక సరుకులు పేర్చి యమ్ముచున్నారు.

వానిని చూడవద్దని నేను చెప్పను, చూడదగినవే. శుభ్రత కలదు, వెల కాగితముమీద నచ్చొత్తబడి యుండును, ఎవరును తొందరపెట్టరు. కాని మనకు కావలసిన దొకటి యచ్చట దొరకదు. అది, సరుకును గూర్చి అడిగి తెలిసికొనుటకు దాని పుట్టుక నెరిగిన మనిషి. అద్దము వెనుకనున్న దానికి పేరే సాక్షి. పేరును నమ్మి నేనెట్లు మోసపోయితినో మొదట చెప్పెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట నొక పెండ్లినుండి మరలి వచ్చుచు, ఒకానొక బస్సుస్టేషను నెదుటి దుకాణములో ‘బందరు లడ్డు’ అని పెద్దయక్షరములతో వ్రాసియుండగా చూచి కిలో కొంటిని. పెట్టె బాగుగా నున్నది. వెలయు బాగుగానే యున్నది. ఇంటికి వచ్చి మా పెద్దత్తగారి చేతిలో పెట్టితిని. ఆమె పుట్టిల్లు బందరు. ఆమె లడ్డును రెండుగా విరిచి, లోపలి బూందీ పూసలను చూచి, నోట పెట్టుకొనకయే పళ్లెములో నుంచి, “అమ్మాయీ, నువ్వు పేరు కొన్నావు గాని లడ్డు కొనలేదే!” అనిరి. నాకు సిగ్గైనది. డబ్బు పోయినందుకు గాదు; నలువది యేండ్లు వంటయిల్లు నడపినదానను, చూచి పోల్చుకొన లేకపోతినే యని.

ఆమె యప్పుడు చెప్పిన సంగతి యిది. బందరు లడ్డును తొక్కుడు లడ్డందురు. శనగపిండిని కలిపి నేతిలో పూసగా వండి, ఆ పూసను రోటిలో దంచి, జల్లించి, బెల్లపు పాకములో కలిపి, నేయి పోయుచు మరల మరల దంచవలెను. ఆ దంచుటయే తొక్కుట. అందుచేత విరిచినపుడు పూస కనబడదు. లోపలంతయు నొక్కటే ముద్దగా నుండి, నాలుకమీద నిసుక తగులకుండ కరగును. ఏలకిపొడి, జీడిపప్పు తరువాతి మాట. ఇంతమాత్రము తెలిసియుండినచో దుకాణములో నొక్కదానిని విరిపించి చూచి మోసము గనిపెట్టియుందును. ఈ లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. అనగా, ఆ పేరు ఆ సీమలో ఆ విధముగా చేసినవారిదే యని చట్టము. చట్టము మంచిదే; కాని బస్సుస్టేషను నెదుట చట్టము మనకు తోడురాదు. మన కన్నులే తోడు.

ఇక విజయవాడకు వత్తము. దుర్గమ్మవారి దర్శనమునకు వచ్చు స్త్రీలు కొండ దిగి తిన్నగా స్టేషనుకు పోవుచుందురు. ఒక గంట మిగుల్చుకొని పాతబస్తీలోని కాళేశ్వరరావు మార్కెట్టును చూడుడని నా మనవి. అయ్యదేవర కాళేశ్వరరావుగారు స్వాతంత్ర్య యోధులు. 1956లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ప్రథమ సభాపతులు. ఒక పెద్దమనిషి పేరు కూరగాయల యంగడికి పెట్టుట నాకు ముచ్చటగా నుండును. నిత్యము వేలమంది తలచుకొను పేరది. ఇంత సరుకు ఈ యూరికే యెందులకు వచ్చుచున్నదని యడుగుదురేమో. కృష్ణమీద 1855 నాటికి ఆనకట్ట కట్టిరి. దానికి బదులుగా ప్రకాశము బ్యారేజీ 1957లో పూర్తియైనది. అచ్చటినుండి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊరి నడుమగా పోవుచున్నవి. వెనుకటి దినములలో ఈ కాలువలమీద పడవలు ధాన్యమును మోసికొని వచ్చెడివి. నేడు లారీలు వచ్చుచున్నవి. కాని సరుకు చేరు చోటు మాత్రము విజయవాడయే.

మామిడిపండ్ల కాలములో మార్కెట్టులకు పోయినచో నొక పాఠశాలకు పోయినట్లే యుండును. ఆవకాయకు కాయ కొని యక్కడనే పెద్దకత్తులతో ముక్కలు కొట్టించుకొను స్త్రీలను చూడవచ్చును. టెంక ముదిరిన కాయయే ముక్క చెదరక నిలుచుననియు, టెంక పట్టని కాయ త్వరలో మెత్తబడుననియు వారి మాటలలోనే తెలియును. పండ్లలో నూజివీడు చిన్నరసము, పెద్దరసము పిసికి జుర్రుకొనదగినవి. బంగినపల్లి కోసి తినదగినది. ఒకప్పుడు నేను పచ్చగా మెరయు పండ్లను ఏరుచుండగా, అమ్ముచున్న ముసలామె నా చేయి పట్టుకొని ఆపి, “రంగు చూసి తీసుకోకమ్మా, ముచ్చిక దగ్గర వాసన చూడు” అనెను. అది తన నష్టమునకు చెప్పిన మాట. ఆ రంగుపండ్లును ఆమెవే!

ఆ మాటలో నెంతో యున్నది. పండ్లను కార్బైడుతో మాగబెట్టుట మన దేశములో నిషిద్ధము. ఆ మందులో పాషాణపు పాలు కొంత యుండవచ్చును. ఎథిలీను వాయువును మితముగా వాడుటకు మాత్రము 2016లో అనుమతి నిచ్చిరి. కార్బైడు పెట్టిన పండు పైకి పచ్చగా నుండి లోపల పుల్లగాను గట్టిగాను ఉండును, వాసన యుండదు. గడ్డిలో మాగిన పండు రంగున కొంచెము తక్కువైనను, ముచ్చికయొద్ద ఘుమఘుమలాడును. అద్దాల యంగడిలో పండ్లను సన్నని కాగితములో బిగించి యుంతురు. అచ్చట ముసలామె లేదు, ముచ్చికయు మూయబడి యుండును.

వెల విషయమున మనకు భయమెక్కువ, పరాయియూరు గదా! దానికి రైతుబజారు మంచి మందు. 1999లో మన రాష్ట్రమున వీనిని నెలకొల్పిరి. రైతులు తెచ్చి తామే యమ్ముదురు; ఏనాటి వెల యానాడు పలకమీద వ్రాయుదురు. విజయవాడలో పటమటలోను, ఇతర పేటలలోను ఇవి కలవు. మొదట ఆ పలకను చదివి తరువాత నెచ్చటనైనను కొనుడు, బేరమాడుటలో తడబాటుండదు. పలకకు దగ్గరగా చెప్పిన యామెతో మరల రెండు రూపాయలకు పోరాడవలదు. వెల తెలిసినవారికి కఠినముగా నుండవలసిన యవసరము లేదు. తెలియనివారే యందరిని దొంగలనుకొందురు.

బియ్యమునుగూర్చి యొక మాట. మన బాపట్ల పరిశోధన కేంద్రమువారు 1986లో విడుదల చేసిన బి.పి.టి. 5204 అను వంగడమే సాంబమసూరి. కృష్ణా పశ్చిమ డెల్టాలో పుట్టిన యీ సన్నబియ్యమును దూరపు పట్టణములలో రంగుల సంచులలో రకరకముల పేర్లతో నమ్మగా, మనమే యెరుగక యెక్కువ వెల కిచ్చి తెచ్చుకొనుచుందుము. సంచి పేరు చదువుటకు ముందు, ఏ వంగడము, ఏ పంట, పాతదా కొత్తదా యని యడుగుడు. కొత్తబియ్యపు అన్నము ముద్దగును. గింజను పంటితో కొరికిన మెత్తగా నలుగునో, పటుక్కున విరుగునో తెలియును.

ఈ గింజ పరీక్షలో మా అమ్మమ్మ ఘటికురాలు. నాలుగు గింజలు నోట వేసికొని ఎన్ని నెలల బియ్యమో చెప్పెడిది. కాని యామె తన జన్మలో నంగడి గడప తొక్కలేదు. సరుకంతయు తాతగారే తెచ్చెడివారు. 1958 అక్టోబరు నుండి దేశమున కిలోల తూనికలు క్రమముగా వచ్చినవి. ఆ క్రొత్తలోనే తాతగారు పోయిరి. అమ్మమ్మ మనిషిచేత వీశె పప్పు తెమ్మని చెప్పి పంపెడిది. వీశె యనగా కిలో నాలుగువందల గ్రాములు. కొట్టువాడు కిలో తూచి, వీశె వెల పుచ్చుకొనుచుండెను. ప్రతి బేరమునను నాలుగవవంతుకు పైగా పోయినది. ఒక సంవత్సరము గడచినపిమ్మట, సెలవులకు వచ్చిన మా మేనమామ చూచి కనిపెట్టెను. సరుకు నంతగా నెరిగిన యిల్లాలు తూనికను, వెలను ఎరుగక నష్టపోయినది. ఆ నష్టము పప్పుది కాదు, ఎరుగనీయకపోవుటది.

అందుచేతనే ప్రయాణములోనైనను అంగడికి పొండని నేను నొక్కి చెప్పుట. సొంతయూరిలో మనకు బదులుగా నెవరో తెచ్చిపెట్టుచుందురు. ఫోనులో నొక్కినచో గుమ్మములోనికే వచ్చుచున్నది. పరాయియూరిలో మాత్రము గంటసేపు మన కాళ్లతో నడచి, మన చేతితో తడిమి, మన నోటితో అడుగుటకు వీలున్నది. ఆ గంటను సద్వినియోగము చేసికొనుటకు నాలుగు మాటలు గుర్తుంచుకొనుడు.

బయలుదేరు పూట గాక, చేరిన మరునాటి యుదయమే అంగడికి పొండు. మొదటి చుట్టు కొనక, చూచి, వెలలు విని రండు. ఆ యూరివారు తమ యింటికి కొనుకొను చోటనే కొనుడు. యాత్రికులకొరకే పెట్టిన కొట్టున గాదు. విడిగా నమ్ము మిఠాయిలకు ఏనాటివరకు తినదగునో వ్రాసియుంచవలెనని 2020 అక్టోబరు 1 నుండి నియమము కలదు. ఆ చీటి చూపుమని మొగమాటము లేక యడుగుడు. మొదట తక్కువగా కొని, రుచి చూచి, పిమ్మట కావలసినంత కొనుడు.

గత కార్తికమాసములో చిలకలపూడి పాండురంగస్వామి దర్శనమునకు బందరు పోయితిని. చిలకలపూడి నగలు లోకప్రసిద్ధములు గదా! అవి బంగారము కావని చెప్పియే యమ్ముదురు, తెలిసియే కొందురు. అందులో మోసము లేదు. బందరు పేరు పెట్టుకొన్న ప్రతి మిఠాయికిని ఆపాటి నిజాయితీ యున్న బాగుండుననుకొంటిని. ఊరివారి నడిగి యొక చిన్న దుకాణమునకు పోయి, వెనుకతట్టున రోటిలో దంచుచుండగా చూచి, ఒకటి విరిపించి, అర్ధకిలో మాత్రమే కొంటిని. పెట్టె తెల్లని యట్టది. దానిమీద బొమ్మ లేదు.

ఇంటికి వచ్చి పెద్దత్తగారి చేతిలో పెట్టితిని. ఆమె విరువలేదు. ఒకటి తిని, ఏమియు ననక, రెండవదానికి చేయి చాచిరి.