సముద్రజలం ఔషధమా? బ్రైటన్ స్నానశాలలు చెప్పే కథ

గత మాసంలో ఒక గృహస్థు డబ్బాతో సముద్రజలం పట్టి తెచ్చి నా ముందుంచారు. మోకాళ్ళ నొప్పులకు ఆ నీటిని కాచి కాపడం పెట్టుకొంటున్నారట. అందులో ఆక్షేపించవలసినదేమీ లేదు. కాని మలబద్ధానికి పరగడుపున ఎన్ని చెంచాలు త్రాగవచ్చునని అడిగేసరికి ఉలికిపడ్డాను. ఈ భ్రమ నేటిది కాదు. ఇంగ్లండులో ఒక జాలరుల ఊరు మహానగరంగా పెరగడానికి ఇదే నాంది పలికింది.

ఆ ఊరు దక్షిణతీరంలోని బ్రైటన్. రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు 1750లో లాటిన్ భాషలో ఒక పుస్తకం వ్రాసి, మన గండమాల వంటి బిళ్ళవాపులకు సముద్రస్నానాన్నీ, సముద్రజల పానాన్నీ కూడ విధించాడు. ధనికులు బండ్లు కట్టుకొని వచ్చారు. అలలలో దిగలేని రోగులకోసం అవ్‌సిటర్ అనే మరొక వైద్యుడు 1769లో సముద్రపు నీటిని లోపలికే రప్పించి చన్నీటి, వేన్నీటి తొట్లతో స్నానశాల కట్టించాడు. ఈయన ఆ నీటిని పాలతో కలిపి త్రాగమన్నాడు! పాలూ ఉప్పూ విరుద్ధాహారమని మా గురుకులంలో పదేండ్ల బాలుడు సైతం చెప్పగలిగేవాడు.

లీటరు సముద్రజలంలో సుమారు 35 గ్రాముల లవణముంటుంది. త్రాగితే విరేచనమగుట నిజమే. కాని ఆ లవణాన్ని వెడలగొట్టడానికి మూత్రపిండాలు త్రాగిన నీటికన్న ఎక్కువ నీటిని వ్యయపరుస్తాయి. రక్తపోటు గలవారికీ, పసిబిడ్డలకూ అది అపాయకరం. మురుగుకాలువలు కలిసే నేటి తీరాల సంగతి వేరే చెప్పనక్కరలేదు. మలబద్ధానికి రాత్రివేళ గోరువెచ్చని నీటితో చెంచాడు త్రిఫలాచూర్ణం చాలును.

మరి బ్రైటన్‌లో ఎవరికీ ఉపశమనం కలుగలేదా? కలిగింది. నా అభిప్రాయంలో అది ఉప్పువల్ల కాదు, వేడివల్లనూ మర్దనవల్లనూ. ఇందుకు సాక్షి మనదేశీయుడే. 1759లో పాట్నాలో జన్మించి, కంపెనీ సైన్యంలో పనిచేసి, ఐర్లండు చేరి, లండనులో 1810లో భోజనశాల తెరచి దివాలా తీసిన షేక్ దీన్ మహమ్మద్ తుదకు బ్రైటన్ చేరాడు. 1821 నాటికి సముద్రాభిముఖంగా స్నానశాల నెలకొల్పాడు. రోగిని ఫ్లానెల్ గుడారంలో కూర్చుండబెట్టి, మూలికలు వేసిన ఆవిరి పట్టించి, గుడ్డకున్న రంధ్రాలలోనుండి చేతులు చొప్పించి ఒళ్ళు పిసికేవారు. నాల్గవ జార్జి, నాల్గవ విలియం రాజులు ఆయనను తమ మర్దనకారునిగా నియమించుకొన్నారు. నేడు మన స్నానాలగదిలోని షాంపూ మాట ఆ పిసుకుటను తెలిపే హిందీ 'చాంపో' నుండి వెడలినదే.

ఆయనను ఆయుర్వేద వైద్యునిగా కొనియాడేవారితో నేను ఏకీభవించను. ఆయన శాస్త్రం చదివినవాడు కాడు. మనదేశపు ఇంటింటి మర్దనను చేతులలో పట్టుకొని వెళ్ళినవాడు. అది తక్కువేమీ కాదు. లేని బిరుదు తగిలిస్తేనే తక్కువ.

చరకుడు అగ్నిసంబంధమైన స్వేదాలు 13 చెప్పి, వాటిలో వేడినీటి తొట్టిలో కూర్చుండే అవగాహాన్నీ చేర్చాడు. స్వేదానికి ముందు స్నేహనం తప్పదు. కాబట్టి ఆ గృహస్థుకు చెప్పినదిది: ముందు వెచ్చని నువ్వులనూనె మోకాళ్ళకు మృదువుగా మర్దించి, అరగంట ఆగి కాపడం పెట్టుకోండి. నీరు సముద్రానిదైనా నూతిదైనా సరే. సముద్రపు నీరైతే పిదప మంచినీటితో కడుగుకోండి. భోజనమైన వెంటనే వద్దు. గర్భిణులకూ, జ్వరమున్నవారికీ వద్దు. మధుమేహంవల్ల పాదాలలో స్పర్శ తగ్గినవారు వేడినీటిలో కాలుంచనేకూడదు. కాలినా వారికి తెలియదు.

పదిహేను దినాల తరువాత ఆయన మరల వచ్చారు. ఇప్పుడు డబ్బా లేదు. తెల్లవారుజామున బిగుసుకొనుట తగ్గిందట, మెట్లు దిగునప్పటి నొప్పి మాత్రం అలాగే ఉన్నదట.