రాజుగారి కారుకో న్యాయం, అంబాసిడర్‌కో న్యాయమా?

మన ఆమదాలవలస వైపు పాత అంబాసిడర్ ఏదైనా టింకరింగ్ షెడ్డుకి వెళ్తే, గుర్తుపట్టలేని వేషంలో బయటికొస్తోంది. మెటాలిక్ రంగు, అల్లాయ్ చక్రాలు, స్టీరింగ్ పక్కనుండే గేరు కాస్తా కిందికి. ఆపైన "రీస్టోర్ చేయించాం" అని స్టేటస్! నా దృష్టిలో అది రీస్టోర్ చెయ్యడం కాదు, చెరిపెయ్యడం.

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల 1912 నాటి రోల్స్ రాయిస్ ఉంది. పసుపు రంగు. దానికి వెండి మెరుపు కొట్టిద్దామని ఎవరైనా అంటే నవ్వుతాం. మరి మన తాతలు పెళ్ళిళ్ళకీ ఆసుపత్రికీ ఎక్కిన బండికి ఆ మర్యాద ఎందుకు లేదు?

ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో హిందుస్థాన్ మోటార్స్ బెంగాల్లో అంబాసిడర్ తయారు చేసింది. 2014లో తయారీ ఆగిపోయింది. ఇక కొత్తది రాదు. మార్క్ 2కి చిన్న గళ్ళ గ్రిల్, 1975 మార్క్ 3కి అడ్డ పట్టీల గ్రిల్. దొరికింది కదా అని ఏదో ఒకటి బిగిస్తే ఆ బండి వయసే తప్పు చెప్తుంది.

అసలు రంగు తెలుసుకోవడం కష్టమేం కాదు. డ్యాష్‌బోర్డు వెనకా, డోరు రబ్బరు కిందా, డిక్కీ లోపలా ఎండ తగలని చోట అది దాగి ఉంటుంది. సన్న వాటర్ పేపర్‌తో ఒక రూపాయి బిళ్ళంత మేర మెల్లగా రుద్దితే, పొరపొరగా ఎన్నిసార్లు రంగు మారిందో వలయాల్లా కనబడుతుంది. ఆ అడుగు పొర చూపిస్తే రంగుల షాపులో కంప్యూటర్ మీద షేడ్ కలిపిస్తారు.

"ఏటి బాబూ, అద్దంలా మెరవొద్దా?" అంటారు పెయింటర్లు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున కూడా అది అద్దంలా లేదు కదా! మన సముద్రపు గాలికి తుప్పు పట్టకుండా అడుగున ఎంత మంచి ప్రైమరైనా వేయండి, తప్పులేదు. పైకి కనబడేది మాత్రం అప్పటిదే కావాలి.

ఇది అభిరుచి గొడవ మాత్రమే కాదు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం, 50 ఏళ్ళు దాటిన బండికి 'వీఏ' అక్షరాలున్న ప్రత్యేక నంబరు వస్తుంది. షరతు ఏంటంటే ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్ మార్చి ఉండకూడదు. రంగు ఊసు అందులో లేదు. కానీ మైలేజీ కోసం పెట్రోల్ ఇంజన్ తీసి డీజిల్ ఇంజన్ పెట్టించిన వాళ్ళెందరో! 1975లో రిజిస్టరైన బండికి 2025తో 50 నిండాయి. అసలు ఇంజన్ పాత సామాన్ల కొట్టుకి వెళ్ళిపోయుంటే ఆ అవకాశం పోయినట్టే.

"మరి సీటు బెల్టులు?" అంటారా, పెట్టించండి. ప్రాణం కంటే పాతదనం గొప్పది కాదు. నేను చెప్పే సూత్రం చిన్నది: రేపు విప్పి తీసెయ్యగలిగే మార్పయితే చేయండి, కోసి, అతికి, వెనక్కి తేలేనిదైతే వద్దు. తీసిన ప్రతి ముక్కకీ చీటీ కట్టి దాచండి.

మెకానికల్ మిత్రులకో మాట. ప్రాజెక్టు టాపిక్ లేదని ఏడుస్తుంటాం కదా, మీ ఊళ్ళో ఏ చింతచెట్టు కిందో ఆగిపోయిన అంబాసిడర్‌ని వెతకండి. ఎవరూ గీకకముందే ఫోటోలు తీసి, కొలతలూ రంగులూ రాసిపెట్టండి. రాజుగారి కారుకి మ్యూజియం ఉంది. దీనికి మనమే ఉన్నాం.