జాకీ ఉన్నది, పని చేస్తుందా?

వేతన సవరణ, పింఛను, ఖాళీల భర్తీ, పని గంటలు: ఈ పుటలలో మేము సాధారణంగా చర్చించే విషయాలు ఇవి. ఈ సంచికలో వాటిని కొంతసేపు పక్కన ఉంచి, మోటారు వాహనపు సీటు కింద తుప్పుపట్టి పడి ఉండే ఒక చిన్న పనిముట్టును గురించి వ్రాయబూనుకొన్నాము. 1960 జూలై సమ్మెను, 1968 సెప్టెంబరు 19 నాటి సమ్మెను, 1974 మే నెలలో ఇరవై రోజులు సాగిన రైల్వే సమ్మెను ఎరిగిన సంఘానికి జాకీని గురించి సంపాదకీయం వ్రాయవలసిన అగత్యం ఏమి వచ్చిందని కొందరు మిత్రులు ప్రశ్నించవచ్చు. కార్మికుని ప్రాణం అతని చేతిలోని పనిముట్టుమీద ఆధారపడి ఉన్నంతకాలం ఆ పనిముట్టు సంఘానికి సంబంధించిన విషయమేనని మా సమాధానం.

అండమాన్ దీవులలోని అనుభవమే మమ్ములను ఈ విషయానికి పురికొల్పింది. ఆ దీవులు మనకు పరాయివి కావు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుండి తరతరాలుగా మనవారు అక్కడకు వలస వెళ్ళి స్థిరపడ్డారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు పదమూడు శాతం. అక్కడ రైలు పట్టా లేదు. మన ప్రధాన భూభాగంలో రైలు మోసే భారాన్ని అక్కడ ఓడ, విమానం, ఆపైన రహదారి మోస్తున్నాయి. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుండి ఉత్తరాన డిగ్లీపూర్ వరకు సాగే అండమాన్ ట్రంక్ రోడ్డు సుమారు మూడు వందల కిలోమీటర్ల పొడవున అడవులను, కొండలను, జలసంధులను దాటుకొని పోతుంది. బరాటాంగ్, రంగత్, మాయాబందర్ ప్రజలకు అదే జీవనాడి. ఏటా సగటున సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వర్షం, నిత్యం ఉప్పుగాలి: ఈ రెండూ ఆ రహదారిని, దానిమీద తిరిగే వాహనాన్ని, ఆ వాహనంలోని ఇనుప వస్తువును ఏకకాలంలో తినివేస్తూ ఉంటాయి.

కొన్ని సంవత్సరాల క్రితం సంఘం పనిమీద మేము రంగత్ నుండి మాయాబందర్ వైపు ఒక అద్దె వాహనంలో ప్రయాణిస్తున్నాము. సాయంకాలం, జోరువాన. వెనుక టైరు పగిలింది. స్టెప్నీ ఉన్నది, దానిలో గాలి కూడా ఉన్నది. జాకీని బయటకు తీయడానికి సామానంతా దించవలసి వచ్చింది. తీసిన తరువాత చూడగా మర తుప్పుతో బిగుసుకుపోయి ఉన్నది. దానిని త్రిప్పే కడ్డీ లేనే లేదు. డ్రైవరు పాతికేళ్ళ యువకుడు. పానాతోనే కొట్టి కొట్టి ఎట్లాగో మరను కదిలించి, మెత్తని ఎర్రమట్టిమీద జాకీని నిలిపి బండిని పైకెత్తాడు. చక్రం ఊడదీసిన మరుక్షణమే జాకీ ఒరిగింది, బండి నేలకూలింది. అతని చేయి అంతకు ఒక్క క్షణం ముందు వరకు చక్రం వెనుకనే ఉన్నది. ఎవరికీ దెబ్బ తగలలేదు. అది మన జాగ్రత్త వలన దక్కిన ఫలితం కాదు, కేవలం అదృష్టం. "జాకీ ఉన్నదా అని అడుగుతారండీ, పని చేస్తుందా అని మాత్రం ఎవరూ అడగరు" అని ఆ యువకుడు అన్న మాట నేటికీ మా చెవులలో మారుమ్రోగుతూనే ఉన్నది.

ఆ దారిలో వాహనం ఆగిపోవడం కేవలం ఆ ప్రయాణికుల కష్టంతో ముగిసే విషయం కాదు. జిర్కాటాంగ్ నుండి మిడిల్ స్ట్రెయిట్ వరకు సుమారు యాభై కిలోమీటర్ల దారి జరవా జాతి ప్రజల రక్షిత వనం గుండా పోతుంది. నిర్ణీత వేళలలో, పోలీసు రక్షణతో, వరుసగా మాత్రమే వాహనాలను పోనిస్తారు. మధ్యలో ఆగరాదు, ఆ ప్రజలతో సంపర్కం పెట్టుకొనరాదు, ఛాయాచిత్రాలు తీయరాదు. ఆదివాసి జాతుల రక్షణకై 1956లో చేసిన రెగ్యులేషన్ వెనుక ఉన్న ఉద్దేశం అదే. ఆ వనంలో రహదారిని మూసివేయాలని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తరువాత కూడా రాకపోకలు సాగుతూ వచ్చాయి. ఈ వివాదంలో మన సభ్యుల అభిప్రాయాలు ఎట్లా ఉన్నప్పటికీ ఒక విషయం స్పష్టం. ఆ వనంలో అరగంటలో ముగియవలసిన టైరు మార్పిడి, పనికిమాలిన జాకీ వలన మూడు గంటలు సాగితే, వెనుక వాహనాల వరుస నిలిచిపోతుంది, ఆ ప్రజల ప్రశాంతతకు భంగం కలుగుతుంది. మన పనిముట్టు లోపానికి మూల్యం చెల్లించవలసిన బాధ్యత వారికి ఏమాత్రం లేదు.

ఇక జాకీని ఎట్లా ఎన్నుకొనాలి? మొదటిది బరువు. ప్రతి జాకీమీద అది ఎన్ని టన్నులు మోయగలదో చెక్కి ఉంటుంది. ఆ అంకె దాని గరిష్ఠ పరిమితి. ప్రతిదినం ఆ అంచువరకు వాడవలసినది కాదు. కారుకు, జీపుకు రెండు టన్నుల జాకీ సాధారణంగా సరిపోతుంది. సంచులతో నిండిన మెయిల్ లారీ వెనుక ఇరుసుమీద పడే బరువు వేరు. అట్టి బండికి పది టన్నులు, అంతకు మించినది అవసరం. ఖాళీ బండిని ఎత్తి చూసి సరిపోయిందని సంతృప్తి పడడం పొరపాటు. టైరు పగిలేది తరచు నిండు బండికే.

రెండవది ఎత్తు. గాలి పోయిన టైరుతో బండి కిందికి దిగిపోతుంది. అప్పుడు కూడా జాకీ ఇరుసు కింద దూరగలగాలి. అట్లే, పాత చక్రం ఊడదీయడానికి చాలిన ఎత్తు, గాలి నిండిన స్టెప్నీని ఎక్కించడానికి చాలదు. ఈ రెండు కొలతలను డిపోలో, ఒక టైరులో గాలి తీసివేసి చూసుకొంటేనే నిజం తేలుతుంది.

మూడవది అడుగు. వానకు నానిన నేలమీద చిన్న అడుగు గల జాకీ దిగబడిపోతుంది. ఒక అడుగు పొడవు, అడుగు వెడల్పు, రెండు అంగుళాల మందం గల గట్టి చెక్క పలక ప్రతి బండిలో జాకీతోబాటు ఉండి తీరాలి. పడౌక్ వంటి గట్టి కలపకు పేరుపొందిన దీవులలో ఆ పలక లేక బండి కూలడం కన్నా విచారకరమైనది ఏమున్నది? రాళ్ళు పేర్చి వాటిమీద జాకీ నిలపడం ఎట్టి పరిస్థితిలోను తగదు.

మర జాకీ మంచిదా, హైడ్రాలిక్ జాకీ మంచిదా అన్న ప్రశ్న తరచు వస్తున్నది. మర జాకీకి నూనె అక్కరలేదు, వాషరు అక్కరలేదు. గ్రీజు వేసి ఉంచితే చిరకాలం మన్నుతుంది. కాని శ్రమ ఎక్కువ. హైడ్రాలిక్ జాకీ భారీ బండిని ఒంటిచేత్తో ఎత్తగలదు. కాని లోపలి రబ్బరు సీలు చెడితే మెల్లగా దిగిపోతుంది, ఆ దిగిపోవడం పని చేసేవానికి తెలియకపోవచ్చు. తేలికపాటి బండ్లకు మర జాకీ, భారీ బండ్లకు హైడ్రాలిక్ జాకీ అన్నది మా అభిప్రాయం. చక్రాలమీద దొర్లే పెద్ద జాకీ డిపోలోని సిమెంటు నేలకే గాని రోడ్డు ప్రక్క మట్టికి పనికిరాదు.

ఎన్నుకొనడం కన్నా భద్రపరచడం ముఖ్యం. ఉప్పుగాలి సోకే చోట తడి జాకీని అట్లే పడవేస్తే కొద్ది వారాలలోనే అది ఇనుప ముద్దగా మారుతుంది. వాడిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిచి, మరకు గ్రీజు పట్టించాలి. హైడ్రాలిక్ జాకీ పిస్టనును పూర్తిగా దించి, వాల్వు మూసి, నిలువుగా ఉంచాలి. అడ్డంగా పడవేస్తే నూనె కారిపోతుంది, లోపలికి గాలి చేరుతుంది. దానిలో హైడ్రాలిక్ నూనెనే పోయాలి. చేతికి అందిందని బ్రేకు నూనె పోస్తే సీలు చెడుతుంది. కడ్డీ, పానా, పలక, చక్రాలకు అడ్డువేసే దిమ్మెలు, టార్చి, హెచ్చరిక త్రికోణం అన్నీ ఒకే చోట, పటకాతో బిగించి ఉండాలి. వదులుగా ఉన్న జాకీ బ్రేకు వేసినప్పుడు ఎగిరివచ్చి మనిషిని కొట్టగలదు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటి. జాకీని టపా సంచుల కింద గాని, తాళంవేసి సీలు పెట్టిన భాగంలో గాని ఉంచరాదు. నడిరోడ్డుమీద, వానలో, సంచులన్నీ దించి తడిపితే తప్ప జాకీ చేతికి రాని పరిస్థితిలో డ్రైవరు ఏమి చేయగలడు? సంచులు దించితే టపాకు బాధ్యుడు, దించకపోతే ఆలస్యానికి బాధ్యుడు. ఈ రెండు నేరాల మధ్య అతనిని నిలబెట్టింది జాకీని ఉంచిన చోటు మాత్రమే.

వాడుకను గురించి అనుభవజ్ఞులకు మేము చెప్పవలసినది స్వల్పం. ప్రయాణికులను దించి, సమతలమైన చోట చేతిబ్రేకు వేసి, ఎదురు చక్రానికి దిమ్మె పెట్టాలి. చక్రం నేలమీద ఉండగానే నట్లను కొంచెం వదులు చేయాలి. తయారీదారు సూచించిన చోటనే జాకీ పెట్టాలి. ఊడదీసిన చక్రాన్ని బండి చట్రం కింద పడుకోబెట్టి ఉంచితే జాకీ ఒరిగినా బండి దానిమీద ఆగుతుంది. జాకీమీద మాత్రమే నిలిచిన బండి కిందికి తల గాని, చేయి గాని పోనీయరాదు. నట్లను ఎదురెదురుగా బిగించి, కొంత దూరం పోయిన తరువాత ఆగి మరల బిగించి చూడాలి.

రైల్వే సోదరులకు ఈ క్రమశిక్షణ కొత్త కాదు. పట్టాలను ఎత్తే గ్యాంగు చేతిలోని జాకీ, బండి వచ్చినప్పుడు దానికి అడ్డు తగలని రీతిలో రూపొందినది. పట్టాల మధ్య మరచిన జాకీ ఎంతటి ప్రమాదమో ప్రతి ట్రాక్ కార్మికుడు ఎరుగును. పెట్టెను జాకీలతో ఎత్తిన తరువాత దిమ్మెల మీద నిలపనిదే దాని కిందికి ఎవరినీ పోనీయరు. ఈ నియమాలలో ప్రతి ఒక్కటీ ఏదో ఒక కార్మికుని రక్తంతో వ్రాయబడినదే. రైలు పట్టామీద పాటించే నియమం తపాలా వ్యానుకు ఎందుకు వర్తించరాదు? రెండింటి కిందా ఉన్నది కార్మికుని శరీరమే గదా!

ఇంకొక సమస్య అద్దె వాహనాలది. టపా రవాణా కాంట్రాక్టుకు పోయిన చోట పనిముట్ల బాధ్యత ఎవరిదన్నది అస్పష్టంగా మిగిలిపోతున్నది. శాఖ కాంట్రాక్టరును చూపుతుంది, కాంట్రాక్టరు డ్రైవరును చూపుతాడు, డ్రైవరు తన జీతంలోనుండి జాకీ కొనుక్కొంటాడు. ఇదిగాక, 2020లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం, గాలి ఒత్తిడిని తెలిపే ఏర్పాటు, పంచరు మరమ్మతు సామగ్రి గల చిన్న ప్రయాణికుల వాహనాలకు స్టెప్నీ తప్పనిసరి కాదు. నగరంలో అది సబబు కావచ్చు. ప్రక్కగోడ చీలిన టైరును ఆ సామగ్రి అతికించలేదు. అడవిదారిన అట్టి వాహనాన్ని అధికార పనికి అద్దెకు తీసుకొనరాదని మేము కోరుతున్నాము.

కనుక యాజమాన్యం ముందు మన కోరికలు ఇవి:

1. ప్రతి వాహనానికీ దాని బరువుకు తగిన జాకీ, పలక, దిమ్మెలు, పానా, స్టెప్నీ శాఖ ఖర్చుతో సమకూర్చాలి. వాటి జాబితా లాగ్‌బుక్కులో ఉండాలి.

2. నెలకొకసారి నిండు బండిని ఎత్తి, పది నిమిషాలు నిలిపి పరీక్షించాలి. దిగిపోయే జాకీని వెంటనే తొలగించాలి. పరీక్షలో బండి కింద దిమ్మెలు ఉండాలి.

3. దీవులకు అవసరమైన సీళ్ళు, నూనె, విడిభాగాలు ముందుగానే నిలువ ఉంచాలి. పగిలిన తరువాత ఓడకోసం ఎదురుచూచే పద్ధతి మానాలి.

4. అద్దె వాహనాల టెండరు షరతులలో ఈ సామగ్రిని చేర్చాలి. దాని ధర డ్రైవరు జీతంలో కోయరాదు.

5. చెడిన జాకీతో బండి ఎత్తనని నిరాకరించిన ఉద్యోగిమీద, ఆ కారణంగా కలిగిన ఆలస్యానికి, ఎట్టి చర్య తీసుకొనరాదు.

కోరికలతోనే మన బాధ్యత తీరదు. సొంత బండికోసం ఇంటికి తీసుకొనిపోయి తిరిగి పెట్టని జాకీలు లేవా? తుప్పు చూచి కూడా "రేపటి డ్యూటీవాడు చూసుకొంటాడులే" అని సంతకం పెట్టిన సందర్భాలు లేవా? ఉన్నవి. ఆ రేపటి డ్యూటీవాడు మన సోదరుడే. బండి అప్పగించేటప్పుడు ఇచ్చేవారు, తీసుకొనేవారు ఇద్దరూ జాకీని బయటకు తీసి, త్రిప్పి చూచి సంతకం చేసే అలవాటును శాఖా సంఘాలు నేటి నుండే ప్రారంభించాలి. దీనికి ఏ ఉత్తర్వూ అక్కరలేదు, రెండు నిమిషాల వ్యవధి చాలు.

వచ్చే నెల సమావేశంలో ప్రతి శాఖా కార్యదర్శి తన పరిధిలోని వాహనాలు ఎన్ని, వాటిలో పనిచేసే జాకీలు ఎన్ని అన్న లెక్కను ఉంచవలసిందిగా కోరుతున్నాము. లెక్క చేతిలో ఉంటేనే చర్చలలో మన మాటకు బలం చేకూరుతుంది. జాకీ ఉన్నదా అని కాగితంమీద అడిగేవారు చాలామంది ఉన్నారు. అది పని చేస్తుందా అని అడగవలసినవారము మనమే.