తీపి గోళీ, పేరు లేని సీసా

బెజవాడ పటమటలో హోమియో డాక్టరు బోర్డు కోసం వెతుక్కోనక్కర్లేదు. హైస్కూలు రోడ్డులోనో పంటకాలువ రోడ్డు పక్క సందుల్లోనో ఏదో ఒక మేడ మెట్ల దగ్గర కనిపిస్తుంది. అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇంగ్లీషు వైద్యం మీద అలిగి వచ్చినవాళ్లు కారు. షుగరుకూ బీపీకీ మాత్రలు వేసుకుంటూనే మోకాళ్ల నొప్పులకో, తెల్లారితే ఆగని తుమ్ములకో, మనవడి టాన్సిల్స్‌కో ‘హోమియో కూడా వాడి చూద్దాం’ అనుకున్నవాళ్లు. ఆపరేషను మాట వినగానే ఇటు మళ్లినవాళ్లూ కొందరుంటారు. ఈ వైద్యం పనిచేస్తుందా లేదా అన్న తగవు రెండు వందల ఏళ్లుగా నడుస్తూనే ఉంది. దాని సంగతికి తర్వాత వద్దాం. అంతకంటే ముందు అడగాల్సిన చిన్న ప్రశ్న ఒకటుంది. ఆ మెట్లు దిగుతున్న మనిషి చేతి సీసాలో ఉన్న మందు పేరేమిటి? చాలా సందర్భాల్లో ఆయనకు తెలియదు. సీసా మీద ‘పొద్దున నాలుగు, రాత్రి నాలుగు’ అని మాత్రం ఉంటుంది.

కృష్ణా జిల్లాలో హోమియో నిన్నమొన్నటి ముచ్చట కాదు. బందరు రోడ్డు పట్టుకుని పామర్రు దాకా వెళ్లి ఎడమకు తిరిగితే గుడివాడ. అక్కడి డాక్టర్ గురురాజు ప్రభుత్వ హోమియో వైద్య కళాశాల 1945లో, అంటే స్వాతంత్ర్యానికి రెండేళ్ల ముందే పుట్టింది. కేంద్ర హోమియో పరిశోధన మండలి సంస్థ ఒకటి కూడా అదే ఊళ్లో ఉంది. రాజమండ్రిలోని ప్రభుత్వ హోమియో కళాశాలకు అల్లు రామలింగయ్య పేరు పెట్టారు. తెర మీద నవ్వించిన ఆ మనిషి బయట హోమియో మందులిచ్చేవారు. హైదరాబాదు రామంతాపూర్ కళాశాల పేరులో ఉన్న జయసూర్య, సరోజినీ నాయుడు కొడుకు. ఎక్కిరాల కృష్ణమాచార్య వంటివారు ఉచిత వైద్యశాలలు తెరిచి, దీన్ని ఒక సేవగా జనంలోకి తీసుకెళ్లారు. వీళ్లందరికంటే ఎక్కువ పని చేసింది పేరుకెక్కని పల్లెటూరి మేష్టార్లు, పోస్టుమాస్టర్లు. ఒక చెక్కపెట్టె, ఒక లావుపాటి పుస్తకం, అరుగు మీద కాసేపు తీరిక ఉంటే చాలు, వైద్యం సాగిపోయేది. డబ్బు తీసుకునేవారు కాదు గనుక మందు మీద అనుమానం కూడా ఎవరికీ వచ్చేది కాదు.

ఇప్పుడు కాలం మారింది. నీట్ రాసి, నాలుగున్నరేళ్లు చదివి, ఏడాది ఇంటర్న్‌షిప్ చేస్తేగానీ హోమియో పట్టా బీహెచ్ఎంఎస్ చేతికి రాదు. మన రాష్ట్రంలో ఆ పరీక్షలు పెట్టే ఆరోగ్య విశ్వవిద్యాలయం బెజవాడలోనే ఉంది. ప్రభుత్వం కాలేజీ నడుపుతుంది, జీతమిస్తుంది, డిస్పెన్సరీలో మందు పంచుతుంది. ఇంత వ్యవస్థ నిలబడ్డాక, రోగికి చెప్పాల్సింది చెప్పే విషయంలో మాత్రం అరుగు మీది పద్ధతే ఎందుకు సాగాలి?

మొదటిసారి వెళ్లేవారు ఏం ఎదురవుతుందో తెలుసుకుని వెళ్లడం మంచిది. అక్కడ దొరికే మొదటి వస్తువు సమయం. తలనొప్పి అని వెళ్తే తల దగ్గరే ఆగరు. ఎడమ వైపా కుడి వైపా, ఎండలో పెరుగుతుందా, పడుకుంటే తగ్గుతుందా, దాహం ఎలా ఉంటుంది, చెమట ఎక్కడ పడుతుంది, పులుపు ఇష్టమా ఉప్పు ఇష్టమా, ఉరుమంటే భయమా, ఏం కలలొస్తాయి, ఈ మధ్య ఇంట్లో ఎవరైనా పోయారా అని అడుగుతూ పోతారు. పెద్దాసుపత్రి ఓపీలో టోకెను పట్టుకుని రెండు గంటలు కూర్చుని, రెండు నిమిషాల్లో బయటపడ్డ మనిషికి ఇదొక కొత్త లోకం. కొందరికి సగం జబ్బు అక్కడే తగ్గినట్టుంటుంది. అందులో వెటకారం చేయాల్సిందేమీ లేదు. తన బాధను ఒకరు కూర్చుని విన్నారన్న ఊరట నొప్పినీ నిద్రనూ దిగులునూ నిజంగానే కొంత మారుస్తుంది. డెల్టాలో హోమియోకు ఇంత ఆదరణ ఉందంటే, దాన్ని మన ఆసుపత్రుల మీద జనం రాసిన ఫిర్యాదుగా కూడా చదువుకోవాలి.

తర్వాత పథ్యం. గోళీలను చేత్తో ముట్టుకోకుండా మూతలో పోసుకుని నోట్లో వేసుకోవాలి. వేసుకునే ముందూ వెనకా అరగంట ఏమీ తినకూడదు. వెల్లుల్లి, ఇంగువ, కర్పూరం దూరం పెట్టాలి. కాఫీ మానేయాలి. (బెజవాడ మనిషిని కాఫీ మానమనడం ఎంత పెద్ద చికిత్సో చెప్పలేను. ఈ వైద్యాన్ని కనిపెట్టిన శామ్యూల్ హానిమన్‌కు కాఫీ అంటే ఎంత కోపమంటే, 1803లో దాని మీదే ఒక వ్యాసం రాశాడు.) ‘ముందు కాస్త పెరిగి తర్వాత తగ్గుతుంది’ అని కూడా చెబుతారు. ఈ మాటను జాగ్రత్తగా వినాలి. పెరిగితే మందు పట్టినట్టు, తగ్గితే మందు గెలిచినట్టు, ఏదీ జరగకపోతే కాఫీ తాగినట్టు! ఎటు తిరిగినా మందు తప్పు కాకుండా పోయే లెక్క ఇది.

హానిమన్ జర్మనీ డాక్టరు. 1755లో పుట్టాడు. ఆ రోజుల్లో డాక్టర్లు ఏ జబ్బుకైనా రక్తం తీసేవారు, పాదరసం మింగించేవారు. అది భరించలేక వైద్యం వదిలి అనువాదాలు చేసుకుంటూ బతికాడు. 1790లో ఒక స్కాట్లాండు డాక్టరు పుస్తకం అనువదిస్తూ, మలేరియాకు వాడే సింకోనా బెరడును తానే తిని చూశాడు. చలిజ్వరం లాంటి లక్షణాలు కనిపించాయి. ఆరోగ్యవంతుడిలో ఏ పదార్థం ఏ లక్షణం పుట్టిస్తుందో, రోగిలో ఆ లక్షణాన్ని అదే పోగొడుతుందన్న సూత్రం అక్కణ్ణుంచి మొదలైంది. 1810లో ‘ఆర్గనాన్’ అచ్చయింది. ఆనాటి పాదరసం కంటే ఆయన గోళీ ఎంతో మేలు, అందులో అనుమానం లేదు. హాని చేయని మందు హాని చేసే మందు పక్కన నిలబడితే గెలుస్తుంది. పందొమ్మిదో శతాబ్దపు కలరా రోజుల్లో హోమియోకు వచ్చిన పేరులో దీనికీ వాటా ఉంది.

చిక్కంతా పలచన దగ్గర. ఒక వంతు మందులో తొంభై తొమ్మిది వంతుల స్పిరిట్ కలిపి కుదిపితే ఒకటో పొటెన్సీ. అందులోంచి ఒక వంతు తీసి మళ్లీ అలాగే చేస్తే రెండు. ఇలా ముప్ఫైసార్లు చేస్తే అందరికీ తెలిసిన ‘30’. ప్రకాశం బ్యారేజీ వెనక సుమారు 3 టీఎంసీల నీళ్లు నిలుస్తాయి. అంత నీటిలో ఒక్క చుక్క మందు వేసి కలిపితే వచ్చే పలచన ఎనిమిదో పొటెన్సీకి కూడా చేరదు. పన్నెండు దాటాక అసలు మందు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు ఉండదని అవగాడ్రో సంఖ్య తెలిసిన ఇంటర్ విద్యార్థి లెక్కగట్టగలడు. ఇలా పలచన చేయని మదర్ టింక్చర్ల కథ వేరు. వాటిలో పదార్థం ఉంటుంది, కాబట్టి దుష్ఫలితాలూ ఉండొచ్చు. ‘హోమియోలో సైడ్ ఎఫెక్టులుండవు’ అనే మాట 30కీ 200కీ చెల్లుతుంది గానీ అన్నిటికీ చెల్లదు.

అణువు లేకపోయినా ద్రావణంలో దాని జ్ఞాపకం ఉంటుంది అంటారు. సరే, సిద్ధాంతం పక్కన పెట్టి ఫలితమే చూద్దాం. 2015లో ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధన మండలి అందుబాటులో ఉన్న అధ్యయనాలన్నీ వడగట్టి, హోమియో పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం ఏ ఒక్క జబ్బు విషయంలోనూ లేదని తేల్చింది. 2017లో ఇంగ్లండు ప్రభుత్వ వైద్య సేవ ఈ మందులు రాయవద్దని తన డాక్టర్లకు చెప్పింది. 2021 జనవరి నుంచి ఫ్రాన్సు వీటి ఖర్చు తిరిగివ్వడం ఆపేసింది. హోమియో డాక్టర్ల జవాబు ఒకటుంది: ‘మాది మనిషిని బట్టి మారే మందు, అందరికీ ఒకే మాత్ర ఇచ్చే పరీక్షకు లొంగదు.’ ఇది కొట్టిపారేసే వాదన కాదు గానీ దీనికి దారి ఉంది. డాక్టరు తనకు తోచిన మందే రాస్తాడు. సగం మందికి ఆ మందు, సగం మందికి ఉత్త గోళీ వెళ్తుంది. ఎవరికేది వెళ్లిందో డాక్టరుకూ రోగికీ తెలియదు. అలాంటి అధ్యయనాలను 2014లో హోమియో వైపు పరిశోధకులే సమీక్షించారు. చిన్న తేడా కనిపించిందనీ, అధ్యయనాల నాణ్యత చూస్తే దాన్ని గట్టిగా నమ్మలేమనీ వాళ్లే రాశారు.

మరి ‘మా అబ్బాయికి పులిపిర్లు తూజా గోళీలతోనే రాలిపోయాయి’ అనే తల్లి అబద్ధమాడుతోందా? లేదు. పిల్లల పులిపిర్లు చాలావరకు ఒకటి రెండేళ్లలో వాటంతటవే రాలిపోతాయి. చిన్న కిడ్నీ రాళ్లు మూత్రంతో జారిపోతాయి. జలుబు, మెడనొప్పి, ఎలర్జీ పెరిగి తగ్గేవి. బాగా పెరిగినప్పుడే డాక్టరు గుర్తొస్తాడు గనుక తగ్గే దశలో మందు చేతిలో ఉంటుంది. ఆమె చూసింది నిజమే. కారణం మాత్రం సీసాలో ఉండాలన్న నియమం లేదు.

ఒక ఇంట్లో జరిగే ఈ పొరపాటు ప్రభుత్వ స్థాయిలో జరిగితే ఎలా ఉంటుందో మన రాష్ట్రమే చూసింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల మీద మెదడువాపు వ్యాధి విరుచుకుపడింది. వరిమడుల్లో పెరిగే క్యూలెక్స్ దోమ, దానికి తోడు పందులు: వ్యాధి తిరిగే దారి అది. ప్రభుత్వం ఊరూరా పిల్లలకు బెల్లడోనా, కల్కేరియా కార్బ్, ట్యుబర్క్యులినమ్ వరసగా ఇప్పించింది. మూడింటి మొదటి అక్షరాలతో ‘బీసీటీ’ అన్నారు. తర్వాతి ఏళ్లలో కేసులు తగ్గాయి, హోమియో గెలిచిందని ఇప్పటికీ సభల్లో చెబుతుంటారు. ఈ వ్యాధి ఒక ఏడాది ఎగసి మరో ఏడాది అణగడం మామూలే. పైగా ఆ కాలంలోనే దోమల మందు చల్లారు, పందులను ఊరికి దూరంగా తరిమారు, జనంలో జాగ్రత్త పెరిగింది. గోళీ వేసుకున్న ఊరినీ వేసుకోని ఊరినీ పక్కపక్కన పెట్టి లెక్క రాసి ఉంటే ఏది పనిచేసిందో ఇవాళ చెప్పగలిగేవాళ్లం. ఆ లెక్క లేకుండానే గెలుపు ప్రకటించుకున్నారు. 2006లో దేశం ఈ వ్యాధికి టీకాల కార్యక్రమం మొదలుపెట్టిందంటే గోళీతో సరిపెట్టుకోలేదనే కదా అర్థం. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆర్సెనికం ఆల్బం 30 విషయంలో అదే కథ మళ్లీ నడిచింది. అపార్టుమెంటు సంఘాలు పంచిన ఆ గోళీలతో నష్టమేమీ లేదన్నారు. వేసుకున్నాక మాస్కు జేబులోకి వెళ్లిపోతే నష్టమే.

హద్దు ఎక్కడంటే, ఆలస్యమైతే చేయిదాటిపోయే జబ్బు దగ్గర. డెంగీ జ్వరం, గుండెనొప్పి, పాముకాటు, మూర్ఛ, క్షయ, రొమ్ములో గడ్డ, పిల్లల్లో టైప్ 1 షుగరు. మంచి హోమియో డాక్టరు వీటిని చూడగానే ఆసుపత్రికి పంపిస్తాడు, ఇన్సులిన్ ఆపమని ఎప్పుడూ అనడు. అలాంటివాళ్లు పటమటలోనూ ఉన్నారు. రెండో ప్రమాదం దీనికి తలకిందులు: హోమియో చదివి ఇంగ్లీషు మందులు రాయడం. జ్వరంతో వచ్చిన రోగికి అలా మందులివ్వగా అతను చనిపోయిన కేసులో 1996లో సుప్రీంకోర్టు, రాని వైద్యం చేయడమే నిర్లక్ష్యమని తీర్పు చెప్పింది. షుగరు, బీపీ, బొల్లి, మూర్ఛ, కిడ్నీ రాళ్లు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వకూడదని 1954 నాటి చట్టం ఉంది. బెంజిసర్కిల్ చుట్టూ కాసేపు తిరిగి గోడల మీద, హోర్డింగుల మీద ఏముందో చదివితే ఆ చట్టం ఆరోగ్యమెంతో తెలుస్తుంది.

ఇక కార్పొరేట్ హోమియో క్లినిక్కుల ప్యాకేజీలు. ఏసీ గది, కంప్యూటరు మీద రిపోర్టులు, డాక్టరు కంటే ముందు మాట్లాడే కౌన్సెలరు. ఏడాది డబ్బు ముందే కట్టించుకుంటారు. తగ్గకపోతే ‘మీది పాత జబ్బు, ఇంకో ఏడాది పడుతుంది’ అంటారు. నెలనెలా కట్టేవాడు రెండో నెలలో లేచిపోగలడు. ముందే కట్టినవాడు తన డబ్బు కోసమైనా నమ్మాలి.

దుకాణంలో అమ్మే హోమియో సీసా మీద మందు పేరు, పొటెన్సీ, తయారుచేసిన కంపెనీ పేరు ఉండాలని నిబంధన ఉంది. అదే మందు డాక్టరు గదిలో చిన్న సీసాలోకి మారేసరికి పేరు మాయమవుతుంది. రేపు ఒళ్లంతా దద్దురు లేచి రాత్రిపూట పెద్దాసుపత్రికి పరుగెత్తితే, ‘ఏం వాడుతున్నారు’ అన్న ప్రశ్నకు ‘తెల్ల గోళీలండీ’ తప్ప జవాబుండదు. పొడిలో ఎవరైనా స్టెరాయిడ్ కలిపినా పట్టుకునే ఆధారం ఉండదు. ఊరు మారితే కొత్త డాక్టరు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. చీటీ మీద మందు పేరు, పొటెన్సీ, ఎన్నాళ్లు వాడాలి, అన్నాళ్లకూ తగ్గకపోతే ఎక్కడికి వెళ్లాలి అన్నవి రాసిమ్మని అడగడం రోగి హక్కు. ప్రభుత్వం దీన్ని తన డిస్పెన్సరీల్లో రేపే మొదలుపెట్టొచ్చు; గుడివాడ కాలేజీ ఓపీ చీటీ నుంచే మొదలుపెట్టొచ్చు. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు, కలం చాలు.

పేరు చెబితే రోగి పుస్తకం తిరగేసి లేనిపోని లక్షణాలు ఊహించుకుంటాడనీ, సొంత వైద్యానికి దిగుతాడనీ డాక్టర్లు అంటారు. ఇంగ్లీషు డాక్టరు చీటీకీ ఆ ఇబ్బంది ఉంది, అయినా ఆయన రాసిస్తూనే ఉన్నాడు. అసలు జంకు వేరే చోట ఉందని నా అనుమానం. పేరు తెలిసిన రోగి హోమియో షాపుకు వెళ్లి ఆ మందు ధర అడుగుతాడు. అడిగాక, తాను ముందే కట్టేసిన ప్యాకేజీ రసీదు తీసి పక్కన పెట్టి చూసుకుంటాడు.