పోను చార్జింగ్ సరే, రాను?

వీల్‌చైర్‌కి తగిలించుకునే మోటార్ బండికి ఇంకో బ్యాటరీ కావాలంటే చాలామందికి అది షౌక్‌లాగా కనిపిస్తాంది. మా ఖాలా కొడుకు ముదిగుబ్బలో దర్జీ. చింతచెట్టు మీదినుంచి పడి నడుం కింద ఇస్పర్శ పోయి పన్నెండేళ్లయింది. ఈ మధ్య ఇంకో బ్యాటరీ మాట ఎత్తితే ఇంట్లో వాళ్లే "ఉన్నదాంతో గుజారా చేసుకోరాదా, అరే ఘర్ మే బైఠో నా ఆరామ్ సే" అన్నారు. ఆరామ్ అనే మాట కాళ్లున్నోళ్ల నోట ఎంత తేలిగ్గా వస్తుందో! పన్నెండేళ్లు ఆయన చేసింది అదే కదా.

బండి సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మామూలు వీల్‌చైర్ ముందుభాగానికి ఒక మోటార్ చక్రం, హ్యాండిల్, బ్యాటరీ ఉన్న చట్రాన్ని బిగిస్తారు. కుర్చీ ముందరి చిన్న చక్రాలు నేలనుంచి లేస్తాయి. అంతే, కుర్చీ మూడు చక్రాల బండి అయిపోతుంది. ఇంటికి రాగానే విప్పి పక్కన పెడితే మళ్లీ మామూలు కుర్చీ. మన దేశంలో దీనికి పేరు తెచ్చింది ఐఐటీ మద్రాస్‌లో పుట్టిన నియోమోషన్ కంపెనీ. 2021 ఆగస్టులో నియోఫ్లై అనే కుర్చీని, నియోబోల్ట్ అనే ఈ మోటార్ చట్రాన్ని బయటికి తెచ్చారు. అప్పటి ధర కుర్చీకి 39,900, చట్రానికి 55,000 రూపాయలు. గంటకు 25 కిలోమీటర్ల వేగం, ఒక చార్జింగ్‌కి 25 కిలోమీటర్ల దూరం అని చెప్పారు. మాషాఅల్లాహ్, మంచి పని. నాకు వాళ్లతో తకరార్ ఏమీ లేదు. నా పేచీ అంతా ఆ రెండో పాతిక అంకెతోనే.

పాతిక అంటే నిజానికి పన్నెండున్నర. పోయినవాడు తిరిగి రావాలి గదా! సిటీలో పన్నెండున్నర అంటే లోకమంతా అందులోనే ఉంటుంది. ముదిగుబ్బలో అట్లా కాదు. కదిరి, ధర్మవరం, బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రి, ఏది తీసుకున్నా ముప్పై కిలోమీటర్లు, కాస్త అటూఇటూ. అంత దూరం, అదీ లారీలు దూసుకుపోయే హైవే మీద, ఈ బండిలో పొమ్మని నేను ఎవరికీ సలహా ఇవ్వను. దానికి బస్సుంది, రైలుంది. నేను మాట్లాడేది మండలంలోని పల్లెల గురించి. పెళ్లిళ్ల సీజన్‌లో జాకెట్ల కొలతలకి ఎనిమిది, పది కిలోమీటర్లు పోయి రావాలి. కాగితం మీద అది పాతికలోపే. ఆషాఢంలో మన సీమలో వీచే గాలికి ఎదురు పోయి చూడండి, కాగితం కూడా ఆ గాలికే ఎగిరిపోతుంది. ఎత్తు, గుంతల రోడ్డు, ఒళ్లో బట్టల మూట, ఒక్కొక్కటీ తన హిస్సా తాను తీసుకుంటుంది. పైగా లిథియం బ్యాటరీ కొన్ని వందల సార్లు చార్జి అయ్యేసరికి కొత్తలో పట్టినంత పట్టదు. మూడో ఏడు వచ్చేసరికి ఆ పాతిక ఎంతకి దిగుతుందో మీరే ఖయాస్ చేసుకోండి.

బైకులో పెట్రోలు అయిపోతే దిగి తోసుకుంటూ పోతాం. ఈయన దిగలేడు. చట్రం విప్పి రోడ్డు పక్కన వదిలేసి, కంకర మీద చేతులతో కుర్చీ తోసుకోవాలి. లేదంటే ఎవరో ఒకరు ఆగేదాకా ఇంతెజార్. మన బుజుర్గులు దువాలో అడిగేది ఒకటుంటుంది: యా అల్లాహ్, ఎవరికీ మోహతాజ్ చేయకు అని. చేయి చాచి బతికే గతి పట్టనీయకు అని దాని అర్థం. కుర్చీలో ఉన్నవాడి ఖుద్దారీకి కొలబద్ద బ్యాటరీ మీటరులోని ఆఖరి గీతే. ఆ గీత భయానికే ఆయన దూరపు ఊళ్ల ఆర్డర్లు వదులుకుంటున్నాడు. నష్టం దూరంలో కాదు, రోజ్‌గార్‌లో కనిపిస్తాంది.

కాబట్టి రెండో బ్యాటరీ ఆయన హఖ్. అయితే ఎట్లా పెట్టాలి అన్నచోట నేను ఆయన పక్షాన కాక భయం పక్షాన నిలబడతాను. ఒక మెకానిక్ "పాత స్కూటర్ బ్యాటరీ ఉంది భాయ్, రెండు వైర్లు కలిపేస్తా, డబుల్ దూరం" అన్నాడట. వైర్లు కలపడం అంత ఆసాన్ పని కాదు. ఒకదాని వెనక ఒకటిగా, సిరీస్‌లో కలిపితే వోల్టులు రెట్టింపవుతాయి. 48 వోల్టులకు తయారైన కంట్రోలర్ దెబ్బకు మాడిపోతుంది. పక్కపక్కన, ప్యారలల్‌లో కలిపితే వోల్టులు అంతే ఉండి నిల్వ పెరుగుతుంది, లెక్క ప్రకారం కావాల్సింది ఇదే. కానీ అనేక బళ్లలో వాడే 48 వోల్టుల లిథియం ప్యాక్ నిండుగా ఉన్నప్పుడు 54.6 వోల్టులు చూపిస్తుంది, ఖాళీ అయ్యేసరికి నలభై పైచిలుకుకి దిగుతుంది. నిండుదాన్నీ ఖాళీదాన్నీ కలిపారా, ఆ తేడా అంతా ఒక్కసారిగా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి కరెంటై దూకుతుంది. పాతదీ కొత్తదీ కలిస్తే ఇదే తంటా రోజూ కొంచెం కొంచెంగా. ఇంకా చార్జర్ల సంగతి: అదే 48 అని రాసి ఉన్న ఐరన్ ఫాస్ఫేట్ రకానికి చార్జర్ 58.4 వోల్టుల దాకా పోవచ్చు. దాన్ని తెచ్చి 54.6 ప్యాక్‌కి పెడితే లోపలి బీఎంఎస్ అనే కాపలాదారు ఒక్కడే మనకు దిక్కు. సస్తా ప్యాకుల్లో ఆ కాపలాదారు ఎంత గట్టివాడో ఎవరు చూశారు?

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇంట్లో ఉన్న స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు పోయారు. అదే ఏడు సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన హోటల్ ఉన్న బిల్డింగులో మంటలు లేచి ఎనిమిది మంది పోయారు. కాళ్లున్నోళ్లే బయటికి ఉరకలేకపోయారు. మంచం మీదినుంచి కుర్చీలోకి జరగడానికే టైం పట్టేవాడి గదిలో అట్లాంటిది జరిగితే?

నా రాయి ఇదీ: పెద్ద బ్యాటరీ వద్దు, కలిపిన బ్యాటరీ వద్దు, రెండో బ్యాటరీ కావాలి. అదే కంపెనీది, అదే ప్లగ్గుది, తన బీఎంఎస్ తనకున్నది. మొదటిది అయిపోతే లాగి, రెండోది గుచ్చాలి. రెండూ ఎప్పుడూ ఒక తీగ మీదికి రావు, కాబట్టి ఒకదానితో ఒకటి పేచీ పడవు. 48 వోల్టులు, 10 ఆంపియర్-అవర్ల ప్యాక్ అంటే 480 వాట్-అవర్లు, బరువు మూడు కిలోల దగ్గర. అదే పాత లెడ్-యాసిడ్‌లో మోయాలంటే పదిహేను కిలోలు. మోసుకెళ్లేదాన్ని మాత్రం కుర్చీ వీపుకి సంచిలో వేలాడదీయకండి. ఈ బండిని లాగేది ముందు చక్రం. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి పోతే ఆ చక్రానికి పట్టు తప్పి ఊరికే తిరుగుతుంది, కుర్చీ వెనక్కి ఒరుగుతుంది కూడా. ముందు చట్రం మీదో, సీటు కింద కిందికో కట్టుకోవాలి.

ఇక ఖర్చు. వికలాంగుల బండికి జీఎస్టీ 5 శాతం. ఆ బండిని నడిపించే లిథియం బ్యాటరీని విడిగా కొంటే 18 శాతం. ఇదేం ఇన్సాఫ్? కుర్చీని కనికరించి దాని పేగుల మీద పన్ను వేసినట్టుంది. కేంద్రం 1981 నుంచి ఆడిప్ స్కీమ్ నడుపుతాంది, కాన్పూర్‌లోని ఆలింకో బండ్లు క్యాంపుల్లో పంచుతాంది. ఫోటోలు దిగుతారు, పేపర్లో వస్తాయి. బండి ఇచ్చిన రోజునే దానితోపాటు రెండో బ్యాటరీ కూడా ఇస్తే ఆ ఫోటోకి ఇంకా బర్కత్ ఉంటుంది. ఎంపీ, ఎమ్మెల్యే దగ్గరికి దరఖాస్తు పెట్టేవాళ్లు బండితో ఆగకుండా ఈ ముక్క కూడా రాయండి.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నది ఒకటుంది. ఆ 480 వాట్-అవర్లు నింపడానికి పట్టేది అర యూనిట్ పైచిలుకు కరెంటు, అంటే పది రూపాయల లోపే. పల్లెలో సచివాలయం, మసీదు, గుడి, పాల కేంద్రం, ఎవరైనా సరే ఒక సాకెట్ ఇవ్వచ్చు. ఇచ్చేవాళ్లకి ఒక్క గుజారిష్: ఆ సాకెట్ మెట్లెక్కాక వరండాలో కాదు, కిందనే, కూర్చున్న మనిషి చేతికి అందే ఎత్తులో, ఎండా వానా తగలని గోడకి పెట్టండి.