మెతుకు పట్టి చూస్తే

మా గేటు బందు మళ్ళీ విరిగింది. అతుకు వేయించి ఆరు నెలలన్నా కాలేదు. చిత్రమేమిటంటే, అతుకు నిక్షేపంలా ఉంది. దాని పక్కనున్న ఇనుము చీలింది! వెల్డింగు కుర్రాణ్ణి నిలదీశాను. "నా తప్పేముందండీ? మీరు పాత ఇనుము తెచ్చారు. అందులో ఏం కలిసిందో ఎవరికెరుక?" అన్నాడు. తప్పించుకోడానికే అన్నాడు గాని, ఆ మాటలో నిజం లేకపోలేదు.

వంతెనలకు వాడే ఉక్కులో కర్బనం నూటికి పావు పాలు కూడా ఉండదు. కాస్త పెరిగిందా, పేచీయే. కాలిన కొడవలిని కమ్మరి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది చూడండి. మరీ గట్టిపడితే పుటుక్కుమంటుంది. వెల్డింగులో నీళ్ళ తొట్టి అక్కర్లేదు. చుట్టూ ఉన్న చల్లని ఉక్కే వేడిని గబుక్కున లాగేసి ఆ పని చేస్తుంది. పైగా వెల్డింగు కడ్డీ పూత చెమ్మగిల్లితే, ఆ తడిలోని హైడ్రోజన్ ఉక్కులో దూరి పగుళ్ళు పుట్టిస్తుంది.

ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్ నగరంలో కింగ్స్ బ్రిడ్జి ఉంది. 1961లో తెరిచారు. 1962 జూలై 10న, అక్కడది చలికాలం, 45 టన్నుల బండి ఒకటి వెళ్ళేసరికి ఒక ఖానా దూలాలు పగిలి వంతెన కుంగింది. కింద గోడలుండబట్టి పూర్తిగా కూలలేదు, ప్రాణాలు దక్కాయి. విచారణలో ఏం తేలిందంటే, కొన్ని పగుళ్ళు కార్ఖానాలో అతికిననాడే అతుకుల అంచున పుట్టాయట! ఉక్కు పాళ్ళు అన్ని రేకుల్లోనూ ఒక్క తీరున లేవు. కొన్నింట్లో కర్బనం ఎక్కువ.

మరి ఉక్కును ముందే పరీక్షించరా అంటారేమో. పరీక్షిస్తారు. కరిగిన ఉక్కులోంచి కాస్త తీసి చూస్తారు, మన ఇళ్ళల్లో మెతుకు పట్టి చూసినట్టే. కాని ఉక్కు అన్నం కాదు. పిల్లల ఐస్‌ఫ్రూట్ చూడండి: అంచులు ముందు గడ్డకడతాయి, తీపీ రంగూ నడిమికి చేరతాయి. అచ్చులో పోసిన ఉక్కులోనూ అంతే. కర్బనం, గంధకం, భాస్వరం ఆఖరున గడ్డకట్టే చోటికి తరలిపోతాయి. ఒకే దిమ్మెలోంచి సాగదీసిన రేకుల్లోనే తేడా వస్తుంది. ఇప్పటి పద్ధతుల్లో ఆ తేడా బాగా తగ్గిందిగాని, బొత్తిగా పోలేదు. అందుకే పెద్ద పనుల్లో రేకులనే మళ్ళీ పరీక్షిస్తారు. అవసరమైతే అతికేముందు వెచ్చబెడతారు.

ఇంత తెలిశాక ఊరుకోగలనా? బందుకు కొత్త ఇనుము కొంటూ, "ఇందులో కర్బనం ఎంతండీ?" అని అడిగాను. కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి, "ఎన్ని కిలోలు కావాలో చెప్పండి" అన్నాడు.